కొత్త కారుకు ఏ ఇంజన్ ఆయిల్? సింథటిక్ ప్రశ్నకంటే ముందు తేల్చుకోవాల్సింది

మా అక్క కొత్త కారును మొదటి సర్వీసుకు తీసుకెళ్లి, కౌంటర్ దగ్గర నుంచే నాకు ఫోన్ చేసింది. "సింథటిక్ వేయమంటారా, మామూలుది చాలా అని అడుగుతున్నారురా. ఏం చెప్పను?" అంది. వెనకాల కంప్రెసర్ చప్పుడు, ఎవరో బానెట్ దబ్బున మూసిన శబ్దం. ఆమె గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. ఖరీదైనది వద్దంటే కొత్త బండికి అన్యాయం చేసినట్టు, సరేనంటే డబ్బు ఊరికే పోసినట్టు. నేను ఒక్కటే అడిగాను. "అక్కా, కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్ ఎక్కడుంది?" డాష్‌బోర్డు అరలోనే ఉందట. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదట.

సింథటిక్కా, మినరలా (అంటే మామూలుదా) అన్నది తప్పు ప్రశ్న కాదు. కానీ అది రెండో ప్రశ్న. ఆ పుస్తకంలో ఏ గ్రేడు, ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందన్నది మొదటిది. చాలా కొత్త కార్లలో మొదటిదానికి జవాబు దొరికితే రెండోది దానంతటదే తేలిపోతుంది. ఎలా తేలుతుందో తెలియాలంటే ఇంజన్ ఆయిల్‌తో ఏం పని చేయించుకుంటుందో, ఆ ఆయిల్ దేనితో తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

ఇంజన్ లోపల ఆయిల్ పడే పాట్లు

పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసును క్రాంక్ షాఫ్ట్ అంటారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అది తన బేరింగులను తాకదు. మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర తల వెంట్రుక మందంలో ఎన్నో వంతో ఉంటుంది. అంత పలచని పొర అంత బరువును మోయడానికి కారణం వేగం. తిరిగే షాఫ్టే ఆయిల్‌ను సందులోకి లాక్కుని, దాని మీద తాను తేలుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా వెళ్తే టైరు నీటి మీద తేలి పట్టు తప్పుతుంది కదా, అదే సూత్రం. రోడ్డు మీద అది ప్రమాదం, బేరింగులో ఇంజన్‌కు అదే ప్రాణం.

ఇంజన్ ఆపేశాక ఆ పొర నెమ్మదిగా నలిగిపోయి, లోహం లోహం మీద కూర్చుంటుంది. మర్నాడు తాళం తిప్పినప్పుడు అడుగున ఉన్న సంప్‌లో నుంచి ఆయిల్ పైకెక్కి, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా చేరేలోపు గడిచే క్షణాల్లో అరుగుదలకు అవకాశం ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తొందరగా కదిలితే అంత మేలని అనేది అందుకే.

ఇక వేడి సంగతి. పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ సన్నటి పొరగా ఎర్రటి వేడికి ఎదురుగా పని చేస్తుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్న బండిలో ఇంకా కష్టం. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాని ఒక చివర పొగగొట్టంలోకి వెళ్లే మంట లాంటి వాయువులోనే ఉంటుంది. ఆ బేరింగును చల్లబరిచేదీ, మోసేదీ ఆయిలే. అక్కడ ఆయిల్ మాడితే నల్లటి బొగ్గు పెచ్చులా గట్టిపడి దారి మూసేస్తుంది.

మూడో పని చాలామంది ఊహించనిది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఉదయాన్నే బండి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి రాలే చుక్కలు అవే. ఎక్కువ భాగం ఆవిరిగా బయటికి పోతుంది. కొంత మాత్రం రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. దానితో పాటు మసి, ఆమ్లాలు, కాలని పెట్రోలు కూడా. ఆయిల్ వీటన్నిటినీ తనలో పట్టి ఉంచుకోవాలి, ఎక్కడా పేరుకోనివ్వకూడదు. వాడిన కొన్నాళ్లకే ఆయిల్ నల్లబడిందని కంగారుపడేవాళ్లను చూస్తుంటాను. మసిని గోడలకు అంటనివ్వకుండా తనలో తేలేలా పట్టుకున్న ఆయిల్ నల్లగా కాక ఇంకెలా ఉంటుంది? రంగు చూసి ఆయిల్ ఆయుష్షు చెప్పలేం.

మినరల్ అంటే ఏమిటి, సింథటిక్ అంటే ఏమిటి

డబ్బాలో ఉన్నదంతా ఒకే పదార్థం కాదు. ఎక్కువ భాగం బేస్ ఆయిల్. మిగిలిన పదో వంతు నుంచి ఐదో వంతు దాకా అడిటివ్స్: మసిని పట్టి ఉంచేవి, ఆమ్లాలను విరిచేవి, నురగ రానివ్వనివి, లోహం మీద రక్షణ పూతలా అంటుకునేవి. సింథటిక్, మినరల్ అన్న తేడా బేస్ ఆయిల్‌కు మాత్రమే సంబంధించింది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముడి చమురులో రకరకాల అణువులు కలగాపులగంగా ఉంటాయి. కొన్ని పొడవాటి గొలుసులు, కొన్ని కొమ్మలున్నవి, కొన్ని వలయాలు, కొంత మైనం, కొంత గంధకం. శుద్ధి చేసి పనికిరానివి తీసేస్తే మిగిలేది మినరల్ బేస్ ఆయిల్. ఎంత శుద్ధి చేసినా అన్ని అణువులూ ఒక్క సైజులో ఉండవు. చలి పెరిగితే మైనం గడ్డకట్టడం మొదలుపెడుతుంది. వేడి పెరిగితే తేలికపాటి అణువులు ఆవిరైపోతాయి, బలహీనమైనవి ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి చివరికి మడ్డి అవుతాయి.

సింథటిక్‌కు అసలు అర్థం అణువులను కావలసిన కొలతలో కట్టుకోవడం. పాలీ ఆల్ఫా ఒలెఫిన్ అనే రకాన్ని తీసుకోండి. రెండు కార్బన్లున్న ఇథిలీన్ వాయువును కలిపి పది కార్బన్ల డెసీన్ చేస్తారు. ఆ డెసీన్లను మూడో నాలుగో జోడిస్తే ఆయిల్ తయారవుతుంది. అణువులన్నీ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి, మైనం ఉండదు. చలిలో పారుతుంది, వేడికి తట్టుకుంటుంది, ఆవిరైపోయేది తక్కువ.

ఈ రకం ఆయిళ్లు కార్లలోకి వచ్చింది 1970లలో. 1972లో ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 మార్కెట్లోకి వచ్చాయి. అప్పట్లో సింథటిక్ అంటే కట్టిన అణువులే. తర్వాత శుద్ధి పద్ధతులే మారిపోయాయి. మినరల్ బేస్‌ను చాలా ఎక్కువ పీడనంలో హైడ్రోజన్‌తో కలిపి, అణువులను విరిచి, కొత్తగా అమర్చే ప్రక్రియ వచ్చింది. అలా వచ్చిన బేస్‌ను గ్రూప్ 3 అంటారు. పాత పద్ధతి మినరల్ గ్రూప్ 1, మెరుగుపరిచిన మినరల్ గ్రూప్ 2, పాలీ ఆల్ఫా ఒలెఫిన్ గ్రూప్ 4, ఎస్టర్లు వగైరా గ్రూప్ 5. ఇది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ చేసిన విభజన.

గ్రూప్ 3 పుట్టింది ముడి చమురు నుంచే కదా, దాన్ని సింథటిక్ అనవచ్చా? దీని మీద పెద్ద తగాదానే నడిచింది. క్యాస్ట్రాల్ తన సింటెక్ ఆయిల్‌లో గ్రూప్ 3 వాడుతూ సింథటిక్ అని అమ్ముతోందని మొబిల్ ఫిర్యాదు చేసింది. అమెరికాలో ప్రకటనల మీద ఫిర్యాదులను విచారించే నేషనల్ అడ్వర్టయిజింగ్ డివిజన్ 1999లో క్యాస్ట్రాల్ పక్షానే తేల్చింది. అప్పటి నుంచి డబ్బా మీద ఫుల్లీ సింథటిక్ అని ఉన్నా లోపల ఉన్నది గ్రూప్ 3 కావచ్చు, గ్రూప్ 4 కావచ్చు, రెండూ కలిపినది కావచ్చు. సహజవాయువును ద్రవంగా మార్చి చేసిన బేస్ కూడా ఇందులోకే వస్తుంది. ఖతర్‌లోని షెల్ వాళ్ల పెర్ల్ ప్లాంట్ చేసేది అలాంటిదే.

దీన్ని మోసం అనుకుని బాధపడేవాళ్లున్నారు. నా అభిప్రాయం వేరు. ఇప్పటి మంచి గ్రూప్ 3 ఆయిళ్లు చాలా కార్లకు పూర్తిగా సరిపోతాయి. సింథటిక్ అన్న మాట నాణ్యతకు కొలత కాదు, అంతవరకు గుర్తుంటే చాలు. సెమీ సింథటిక్ అన్న మాటైతే ఇంకా వదులు. అందులో సింథటిక్ ఇంత శాతం ఉండి తీరాలని అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. పదో వంతు కలిపినా ఆ పేరు పెట్టుకోవచ్చు, సగం కలిపినా పెట్టుకోవచ్చు.

గ్రేడులోనే జవాబు దాగి ఉంది

ఫోన్‌లో నేను ఆగి ఉండగానే అక్క కవరు చించి, మెయింటెనెన్స్ పేజీలు తిప్పి చదివింది. "0డబ్ల్యూ-20 అని ఉంది. కింద ఏపీఐ ఎస్‌పీ అని ఉంది." నేనన్నాను, "వాళ్లు చెప్పే మామూలుది 0డబ్ల్యూ-20లో ఉందేమో అడుగు." అడిగింది. లేదన్నారు. మామూలుదంటే వాళ్ల డ్రమ్ములో ఉన్న 10డబ్ల్యూ-30. అంతే, ఎంచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనకు గుర్తు. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం 0డబ్ల్యూ ఆయిల్ మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంజన్‌ను తిప్పనిచ్చేంత పలచగా ఉండాలి. 5డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూకు మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూకు మైనస్ 20 దగ్గర. వెనకున్న అంకె వేడిలో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 మధ్య, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య ఉండాలి.

మంచు పడని చోట ఉండేవాళ్లకు మొదటి అంకెతో పనేముందని అడుగుతారు. న్యాయమైన సందేహమే. కానీ ఆయిల్ దృష్టిలో చలి అంటే మంచు కాదు. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. ఎండాకాలం ఉదయమైనా సరే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ ఆయిల్‌కు చల్లటి ఇంజనే. ఎండ ఎక్కువగా ఉండే చోట 0డబ్ల్యూకూ 5డబ్ల్యూకూ తేడా చిన్నదే గానీ, 0డబ్ల్యూకూ 15డబ్ల్యూకూ తేడా మాత్రం స్టార్టింగులో ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. చలిలో అంత పలచగా ఉండాలంటే మామూలు మినరల్ బేస్‌లో తేలికపాటి అణువులు ఎక్కువ వేయాలి. అవి వేడిలో ఆవిరైపోతాయి. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత బరువు తగ్గిందో చూసే నోయాక్ పరీక్ష ఒకటుంది. ఇప్పటి పెట్రోలు కార్ల ప్రమాణాల్లో 15 శాతానికి మించి తగ్గకూడదు. పలచగానూ ఉండాలి, ఆవిరైపోకూడదు. ఈ రెండూ ఒకేసారి పాత మినరల్ బేస్‌కు సాధ్యపడవు. అందుకే 0డబ్ల్యూతో మొదలయ్యే ఆయిళ్లన్నీ ఆచరణలో సింథటిక్‌గానే ఉంటాయి. మీ మాన్యువల్లో 0డబ్ల్యూ-20 గానీ 0డబ్ల్యూ-16 గానీ ఉంటే కంపెనీ మీ తరఫున ఎప్పుడో నిర్ణయం తీసేసుకుంది.

"ఇంత పలచటి ఆయిల్ ఇంజన్‌ను ఏం కాపాడుతుంది, కాస్త చిక్కటిది పోయిద్దాం" అనే సలహా చాలాసార్లు వింటాం. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే, పాత ఇంజన్ల మీద వాళ్ల అనుభవం నిజమే. కానీ 20 గ్రేడుకు తయారైన ఇంజన్‌లో బేరింగు సందులు, ఆయిల్ పంపు, ఆయిల్ దారులు ఆ చిక్కదనానికే కొలిచి పెట్టి ఉంటాయి. వాల్వు టైమింగ్‌ను మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే అది ఆలస్యంగా స్పందించవచ్చు, మైలేజీ ఎలాగూ తగ్గుతుంది. కొన్ని కొత్త ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. వాటికి గ్రేడు ఒక్కటే కాదు, ఆ బెల్టు రబ్బరును పాడుచేయని ప్రత్యేక ఆయిలే కావాలి. చిక్కదనం పెంచాల్సిన అవసరం ఉంటే అది కూడా మాన్యువల్లోనే ఉంటుంది. బయటి ఉష్ణోగ్రతలను బట్టి రెండు మూడు గ్రేడులను చూపించే పట్టిక చాలా పుస్తకాల్లో ఇస్తారు. ఆ పట్టికలో ఉన్నది ఏదైనా వాడొచ్చు. అందులో లేనిది వద్దు.

స్పెసిఫికేషన్: డబ్బా వెనక ఉండే చిన్న అక్షరాలు

గ్రేడు చిక్కదనం మాత్రమే చెబుతుంది. ఆయిల్ ఏ పరీక్షలు పాసైందో చెప్పేది స్పెసిఫికేషన్. సింథటిక్ అన్న పదం డబ్బా ముందు వైపు పెద్దగా మెరుస్తుంది. అంతకంటే విలువైన సమాచారం వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. డబ్బా తిప్పి చదివే అలవాటు చేసుకోండని నేను అందరినీ బతిమాలతాను.

పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు ఇస్తుంది. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. కొత్తది సాధారణంగా పాతదాన్ని కూడా కలుపుకుంటుంది. అంటే ఎస్‌ఎన్ అడిగిన బండిలో ఎస్‌పీ పోయొచ్చు, ఎస్‌పీ అడిగిన బండిలో ఎస్‌ఎన్ పోయకూడదు.

ఎందుకు పోయకూడదో ఒక్క ఉదాహరణ చాలు. చిన్న సైజు టర్బో ఇంజన్లు, పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చాక ఒక కొత్త జబ్బు బయటపడింది. తక్కువ వేగంలో ఉండి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, స్పార్క్ ప్లగ్ వెలగక ముందే మంట అంటుకునేది. సిలిండర్ గోడ మీద ఆయిల్, పెట్రోలు కలిసిన చుక్కలు లోపలికి ఎగిరి నిప్పు రాజేయడం దీనికి ఒక ముఖ్య కారణం. తీవ్రంగా ఉంటే పిస్టన్ పగిలిపోయేది. పరిశోధిస్తే, ఆయిల్‌ను శుభ్రంగా ఉంచడానికి వేసే క్యాల్షియం డిటర్జెంటు ఈ ముందస్తు మంటను పెంచుతోందని తేలింది. క్యాల్షియం కొంత తగ్గించి మెగ్నీషియం వాడితే సమస్య బాగా తగ్గింది. 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ఈ పరీక్షను చేర్చాయి. టైమింగ్ చెయిన్ అరుగుదల పరీక్ష కూడా ఎస్‌పీలో కలిసింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడే పనికొస్తుంది. పిస్టన్‌ను కాపాడింది బేస్ ఆయిల్ కాదు, అడిటివ్స్ కూర్పు. పాత స్పెసిఫికేషన్‌లో ఉన్న ఖరీదైన ఫుల్లీ సింథటిక్ కంటే, ఎస్‌పీ పాసైన సాదా ఆయిల్ మీ టర్బో ఇంజన్‌కు ఈ విషయంలో ఎక్కువ రక్షణ ఇస్తుంది. సింథటిక్ అన్న పేరొక్కటి చూసి ఎంచుకోవడం ఎందుకు చాలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

యూరప్ కార్లకు అక్కడి కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన ప్రమాణాలుంటాయి. వాటిలో సీతో మొదలయ్యేవి బూడిద తక్కువ మిగిల్చే ఆయిళ్లు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉన్న బండిలో, ముఖ్యంగా డీజిల్లో, ఇది తప్పనిసరి. ఆయిల్ ఎంతో కొంత కాలుతుంది, దాని బూడిద ఆ ఫిల్టరులో పేరుకుంటే మళ్లీ పోదు. వీటికి తోడు ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్, జనరల్ మోటార్స్ లాంటి కంపెనీలు సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ 504 00, మెర్సిడెస్ 229.5, జనరల్ మోటార్స్ డెక్సోస్ అలాంటివే. మాన్యువల్లో ఇలాంటి నంబరు ఉంటే డబ్బా మీద అదే నంబరు కనపడాలి. కనపడటంలోనూ తేడా ఉంది. "ఈ ప్రమాణానికి ఆమోదం పొందింది" అంటే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకుందని. "ఈ ప్రమాణం ఉన్న బండ్లకు సిఫారసు చేస్తున్నాం" అంటే ఆయిల్ కంపెనీ తన మాటగా చెబుతోందని. వారంటీలో ఉన్న కొత్త కారుకు నేనైతే మొదటిదే చూసుకుంటాను.

మాన్యువల్ రెండింటికీ ఒప్పుకుంటే

కొన్ని ఇంజన్లలో, ముఖ్యంగా టర్బో లేని సాదా పెట్రోలు ఇంజన్లలో, 5డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-30, ఏపీఐ ఫలానా అని మాత్రమే ఉంటుంది. ఆ గ్రేడులో, ఆ స్పెసిఫికేషన్‌తో మినరల్ ఆయిల్ కూడా దొరుకుతుంది. అప్పుడే నిజంగా ఎంచుకోవాల్సిన అవసరం వస్తుంది.

అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2017లో మినరల్, సింథటిక్ ఆయిళ్లను ల్యాబులో పోల్చి చూసింది. ఆ పరీక్షల్లో సింథటిక్ సగటున 47 శాతం మెరుగ్గా నిలిచింది. తేడా ఉంది, కాదనను. కానీ ఆ తేడా మీ బండిలో ఉపయోగపడుతుందా అన్నది మీరు నడిపే తీరును బట్టి ఉంటుంది. రోజూ ఒకే వేగంతో, ఎక్కువ దూరం, మోస్తరు వాతావరణంలో వెళ్లే బండికి, మాన్యువల్ చెప్పిన గడువులో ఆయిల్ మారుస్తుంటే, మినరల్ వాడినా ఇంజన్ చక్కగా ఉంటుంది. భయపడాల్సిందేమీ లేదు. టర్బో ఉన్నా, గంటల తరబడి ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచినా, బరువులు లాగినా, కొండ దారులెక్కినా, విపరీతమైన చలి గానీ ఎండ గానీ ఉన్నా సింథటిక్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

దగ్గర దూరాలు తిరిగే బండి సంగతి కాస్త విడిగా చెప్పాలి. ఇంటి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తారు, సాయంత్రం మళ్లీ అంతే. కిలోమీటర్లు తక్కువ కదా, ఆయిల్ చాలాకాలం వస్తుందనుకుంటారు. నిజానికి ఆయిల్‌కు ఇదే గడ్డు జీవితం. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చిందంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు వేడెక్కిందని అర్థం, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే దానిలో చేరిన నీరు, పెట్రోలు ఆవిరై బయటికి పోతాయి. ఆ వేడి రాకముందే ఇంజన్ ఆగిపోతుంటే అవి రోజురోజుకీ పోగవుతాయి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల లేత గోధుమరంగు మీగడ లాంటిది కనిపించేది ఇలాంటి బండ్లలోనే. అది నీరు, ఆయిల్ కలిసిన మిశ్రమం. సింథటిక్ వేసినా నీటినీ పెట్రోలునూ మాయం చేయలేదు. ఇలాంటి బండికి ఖరీదైన ఆయిల్‌ను ఎక్కువకాలం ఉంచడం కంటే, సరైన ఆయిల్‌ను తొందరగా మార్చడం మేలు. మాన్యువల్లో తీవ్ర వినియోగం కింద ఇచ్చే తక్కువ గడువు వీటికే వర్తిస్తుంది. కిలోమీటర్లు పూర్తికాకపోయినా నెలల లెక్క దాటితే మార్చాల్సిందే.

డబ్బు లెక్కకూ ఇక్కడే ముడి ఉంది. సింథటిక్ రెట్టింపు ఖరీదైతే రెట్టింపు దూరం నడిపి సరిచేసుకుందామని చాలామంది అనుకుంటారు. వారంటీ ఉన్నంతకాలం ఆ పని చేయకండి. మార్చే గడువును కంపెనీ ఇంజన్‌ను చూసి పెట్టింది, డబ్బా మీది పేరును చూసి కాదు. ఫిల్టరు కూడా అన్ని రోజులు తట్టుకోవాలి కదా.

కొత్త బండి చుట్టూ తిరిగే కొన్ని మాటలు

మొదట మినరల్ పోసి, రింగులు సరిగ్గా కూర్చున్నాక సింథటిక్‌కు మారాలన్నది అందులో ఒకటి. సిలిండర్ గోడలు గరుకుగా వచ్చే రోజుల్లో దానికి అర్థం ఉండేది. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే ఆ గోడలను చాలా నునుపుగా, కొలిచినట్టు రుద్దుతారు. చాలా కార్లు సింథటిక్‌తోనే ఫ్యాక్టరీ గేటు దాటుతాయి. షెవ్రొలే కార్వెట్ 1992 మోడల్ నుంచే అలా వస్తోంది. మొదటి ఆయిల్‌ను తొందరపడి మార్చేయడం కూడా అవసరం లేదు. మాన్యువల్ 1000 కిలోమీటర్లకు మార్చమంటే అప్పుడే మార్చండి, ఆ మాట లేకపోతే మామూలు గడువు దాకా ఉంచండి. కొన్ని కంపెనీలు కొత్త ఇంజన్ కోసం ఆ మొదటి ఆయిల్‌ను ప్రత్యేకంగా కలిపి పోస్తాయి.

ఒకసారి సింథటిక్ వేస్తే మళ్లీ మినరల్‌కు వెళ్లకూడదంటారు. అలాంటి నియమమేమీ లేదు. రెండూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. సెమీ సింథటిక్ అంటేనే ఆ కలయిక. దారి మధ్యలో ఆయిల్ తగ్గి, మీది దొరకకపోతే, అదే గ్రేడులో దొరికినది పోసుకుని ఇల్లు చేరండి. తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే అది వంద రెట్లు నయం. సింథటిక్ వల్ల సీళ్లు కారతాయన్నది మొదటి తరం ఆయిళ్ల నాటి మాట. వాటిలో కొన్ని రబ్బరు సీళ్లను కుంచించుకుపోయేలా చేసేవి. తర్వాత సీళ్లు సరిగ్గా ఉండేలా కూర్పు మార్చారు. కొత్త కారుకు ఆ భయమే అక్కర్లేదు.

విడిగా దొరికే అడిటివ్ సీసాలు ఆయిల్‌లో కలపడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వద్దు. పరీక్షలు పాసైన కూర్పును మనమే చెడగొట్టినట్టవుతుంది.

ఆయిల్ మార్పించిన రోజు బిల్లులో ఊరికే ఇంజన్ ఆయిల్ అని కాకుండా గ్రేడు, స్పెసిఫికేషన్, ఎన్ని లీటర్లు, ఓడోమీటర్ రీడింగ్ రాయించుకోండి. డబ్బా వెనక వైపు ఫొటో తీసుకోండి. అక్క ఆ రోజు ఫొటో తీసి నాకు పంపింది. రేపు వారంటీలో ఏదైనా పేచీ వస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది.

తర్వాత నెలకోసారి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ, తీసి చూడండి. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగండి. పైనున్న ఆయిల్ కిందికి దిగనివ్వాలి. డిప్‌స్టిక్ బయటికి తీసి, పీచులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దింపి మళ్లీ తీయండి. రెండు గుర్తుల మధ్య ఉంటే సరే. కింది గుర్తుకు దగ్గరైతే కొంచెం కొంచెంగా పోస్తూ మళ్లీ మళ్లీ చూసుకోండి. పై గుర్తు దాటనివ్వకండి. ఎక్కువైతే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును మోయలేదు. ఒక్కోసారి ఏమీ పోయకుండానే లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండితో దగ్గర దూరాలే తిరుగుతుంటే ఇది జరగడానికి వీలుంది. అప్పుడు డిప్‌స్టిక్ కొసను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఆయిల్‌లో పెట్రోలు కలిసిందని అర్థం. డబ్బా మీద సింథటిక్ అని ఉన్నా, గడువుకు ఇంకా వేల కిలోమీటర్లు మిగిలి ఉన్నా, ఆ ఆయిల్‌ను మార్పించి, పెట్రోలు ఎందుకు కలుస్తోందో సర్వీస్ సెంటర్‌లో చూపించండి.